మీకు ఈత వచ్చా?

*

కట్టుడుపళ్ళ ల్యాబు నుంచి, భోజనాల విరామంలో
మండుటెండలు

వదినా,

బాగున్నావా అని అడగను. కోపం రాని మనుషులు ఎప్పుడూ బాగానే ఉంటారు. నా సంగతి విను.

పోయిన ఉత్తరంలో ఒక ముక్క రాశావు, గుర్తుందా? "మా ఊరి ఈతకొలనులో సాయంత్రం ఆడవాళ్ళ గంట తీసేశారు" అని. మిషను నూనె ధర గురించీ అన్నయ్య మోకాలి గురించీ రాసిన వాక్యాల మధ్య దాన్ని బొత్తాముల్లో సూదిలా పడేశావు. నాకు గుచ్చుకుంది. రోజంతా ఎవరి దవడకో పళ్ళు అమరుస్తూ నా పళ్ళు నేను నూరుకున్నాను. ఇంటికెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా, "పంటి బిగువున"లో పోస్టు పెట్టేశాను. (నా బ్లాగుని అన్నయ్య "పంటినొప్పి" అంటున్నాడని తెలుసు. అననీ. చదువుతున్నాడుగా.)

"రోజులో మిగతా గంటలన్నీ మగవాళ్ళవే. ఉన్న ఒక్క గంటా కళ్ళలో నలుసయిందా?" అని మొదలుపెట్టాను. ముగింపు ఇంకా ఘాటుగా ఉంటుంది, చదివించుకుని విను. కొలను పేరూ వీధి పేరూ కూడా రాసేశాను. దాపరికం దేనికి?

వదినా, ఎన్ని కామెంట్లనుకున్నావు! నేను పెట్టిన ఏ పోస్టుకీ ఇంత గొడవ జరగలేదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని ఒకాయన వెటకారం. కత్తిపీట తరఫున నేనే జవాబిచ్చాను: "దురద లేదు బాబూ, పదునుంది" అని. "మరి మగవాళ్ళకి ప్రత్యేక గంట ఏదీ?" అని ఇంకొకాయన దీర్ఘం తీశాడు. మిగతా రోజంతా ఎవరిదనుకుంటున్నాడో! నీకు తెలుసుగా, నేను ప్రతి కామెంటుకీ జవాబిస్తాను. చదివేవాడికి జవాబు చెప్పే ఓపిక లేనివాళ్ళు రాయకూడదు, గోడకి చెప్పుకోవాలి.

అన్నిటి కిందా, చిట్టచివర, "తడితువ్వాలు" అని పేరు పెట్టుకున్న ఒక శాల్తీ ఒకే ఒక్క వాక్యం పడేసింది: "మీకు ఈత వచ్చా?"

చూశావా ఎత్తు! విషయాన్ని వదిలి మనిషి మీదికి రావటం అంటే ఇదే. ఊరుకుంటానా? తొమ్మిది పేరాలు రాశాను. వంట రానివాడు ఆకలి గురించి మాట్లాడకూడదా? చెప్పులు కుట్టటం రాకపోతే కాలు కరుస్తోందని చెప్పకూడదా? హక్కుల గురించి మాట్లాడాలంటే ముందు పరీక్ష పాసవ్వాలా? అని ఉతికి ఆరేశాను. అంతా చదివినట్టుంది. సాయంత్రానికి జవాబు: "చదివాను. ఈత వచ్చా?"

నువ్వే చెప్పు, నేనేమన్నా తప్పు రాశానా? ఫోను చెయ్యకు. అన్నయ్య స్పీకరు పెట్టమంటాడు, చివరికి ముగ్గురం ఆయన మోకాలి గురించే మాట్లాడుకోవాలి. మన పాతికేళ్ళ పద్ధతే మంచిది. ఉత్తరం రాయి.

ఇంకా ఉడుకుతున్న
నీ మరదలు

*

కుట్టుమిషను పక్క నుంచి
కరెంటు పోయిన మధ్యాహ్నం

మిరపకాయ్,

నీ పోస్టు మీ అన్నయ్య టిఫిను దగ్గర గొంతెత్తి చదివారు. "మా చెల్లెలు ఎంత కమ్మగా తిడుతుందో చూడు" అని మురిసిపోయారు. ఎవర్ని తిడుతున్నావో ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమయ్యింది.

నేనా ముక్క రాస్తుండగా ఒకాయన ప్యాంటు పొట్టి చేయించుకోవటానికి వచ్చాడు. నిలబడమంటే నిలబడడు, కొలత తీస్తుంటే ఫోన్లో ఎవరికో దారి చెబుతూ చుట్టూ తిరుగుతాడు. ఆయన్ని పంపించి వచ్చేసరికి నా మాట తెగిపోయింది. రాసినంతవరకు మడిచి పోస్టు డబ్బాలో వేసేశాను. మిగతా సగం ఇదిగో: సాయంత్రం గంట తీసేసి, పొద్దున పెట్టారు. అలా మార్చమని అడిగింది ఆడవాళ్ళే.

సాయంత్రం ఆరింటికి ఏ ఇంట్లో ఏ ఆడదానికి ఖాళీ ఉంటుందే? స్టవ్ మీద గిన్నె, బల్ల మీద పిల్లల హోంవర్కు, తలుపు దగ్గర ఎవరిదో "ఇంకా కాలేదా" అన్న కేక. ఆ గంటకి నీళ్ళలో ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు, మిగతా కొలను ఊరికే ఊగుతుండేది. పొద్దునైతే రాత్రి డ్యూటీ దిగిన నర్సులొస్తారు. ఆఫీసులు తుడిచి బయటపడ్డవాళ్ళొస్తారు. పిల్లల్ని బడిలో దింపినవాళ్ళొస్తారు. అందరూ కలిసి అడిగారు. మేనేజరు గొణిగి గొణిగి చివరికి ఊ అన్నాడు. అంటే తల్లీ, ఎవరు ఓడిపోయారని నువ్వు ఏడ్చావో వాళ్ళు గెలిచి కూర్చున్నారు.

నువ్వు ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని. అడగవు. నీకు సగం మాట దొరికితే చాలు, మిగతా సగం కోపంతో నింపేసుకుంటావు. పోనీ, ఇప్పుడైనా సరిచెయ్యి. రెండు వాక్యాలు చాలు.

ఇంకోటి. ఆ తొమ్మిది పేరాలూ విన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట. నీకు ఈత రాదు. రాదని చెప్పటానికి ఒక్క మాట చాలుగా?

నీ వదిన

*

మేడమీది గది నుంచి, బట్టల తీగ కింద కూర్చుని
మబ్బుపట్టిన రోజు

వదినా,

ఇప్పుడా చెప్పటం! పోస్టు ఎవరెవరి ఫోన్లలోకో వెళ్ళిపోయింది. అయినా ఒకటి చెప్తాను విను. వార్త తప్పయితే అయ్యింది, వాదం తప్పు కాదు. ఈ కొలను కాకపోతే ఇంకో కొలను. ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు ఆడవాళ్ళ గంట తీసే ఉంటాడు. నా మాట వాడికి తగులుతుంది.

నా బ్లాగు నెత్తి మీద ఏం రాసుందో తెలుసుగా: "రాసింది చెరపను, అన్నది మింగను." అది ఊరికే గొప్పకి రాసుకున్నది కాదు. నేను ల్యాబులో చేరిన కొత్తలో మీటింగులో ఏదన్నా అనేసరికి, పక్కనున్న పెద్దమనిషి "ఆవిడ ఉద్దేశం అది కాదు లెండి" అని నవ్వేవాడు. నా ఉద్దేశం అదే! కానీ నా మాటని నా ఎదురుగానే మడతపెట్టి తన జేబులో పెట్టేసుకునేవాడు. అలా ఎన్ని మాటలు పోయాయో! అందుకే నాకంటూ ఒక చోటు దొరికాక, అక్కడ ఏ మాటా వెనక్కి పోదని ఒట్టేసుకున్నాను. ఇప్పుడు ఎవరో ప్యాంటాయన నిలకడగా నిలబడలేదని ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంటావా?

పైగా, సరిచేస్తే సంతోషించేదెవరు? కత్తిపీటాయన. "చూశారా, ఆడవాళ్ళకి కోపం ముందు, ఆలోచన వెనక" అంటాడు. మనం ఒక్క తప్పు ఒప్పుకుంటే వంద ఒప్పులు కొట్టేస్తారు. వాళ్ళు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పూ ఒప్పుకోరు. హాయిగా అధ్యక్షత వహిస్తుంటారు.

అది సరే. స్టవ్ మీద గిన్నె సంగతి, నర్సుల సంగతి, మేనేజరు గొణుగుడు... ఇవన్నీ నీకెలా తెలుసు? మిషను ముందు కూర్చున్నదానికి కొలను లోపలి కబుర్లు ఎవరు మోసుకొచ్చారు? ఆ తడితువ్వాలు నువ్వేనా? నిజం చెప్పు. ఆ కోత చూస్తే నీ కత్తెరలాగే ఉంది.

మరదలు

*

ఇంటి నుంచి
వానలు మొదలైన వారం

అమ్మాయ్,

ఇవాళ మిరపకాయ అని పిలవబుద్ధి కావటం లేదు.

నిన్న పొద్దున ఆడవాళ్ళ గంట వేళకి కొలను గేటుకి తాళం వేసి ఉంది. నోటీసుబోర్డు మీద నీ పోస్టు ప్రింటు తీసి అంటించారు. పక్కనే మేనేజరు సంతకంతో ఒక కాగితం: "ఇంటర్నెట్లో వివాదం రేగినందున, కమిటీ నిర్ణయం తీసుకునేవరకు ప్రత్యేక సమయాలన్నీ రద్దు." గొణిగి ఒప్పుకున్నవాడికి ఒక వంక కావాలి. అది నువ్విచ్చావు. లేని దొంగతనం గురించి కేకలు పెట్టి, నిజం దొంగకి దారి చూపించావు.

గేటు ముందు సంచులు పట్టుకుని నిలబడ్డాం. వాన పడుతోంది. రాత్రంతా వార్డులో తిరిగొచ్చిన నర్సు గోడకి ఆనుకుని నిలబడే కునుకు తీసింది. నిన్నెవరూ తిట్టలేదు. తిట్టుంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నిలబడ్డాం అని రాశాను, చూశావా? నేనూ ఉన్నాను. చలికాలం నుంచి వెళ్తున్నాను. డాక్టరు నడుంనొప్పికి వెళ్ళమన్నాడు. నొప్పి తగ్గింది, వెళ్ళటం తగ్గలేదు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి ఆగకుండా వస్తాను ఇప్పుడు.

నీకెందుకు చెప్పలేదో తెలుసా? నీకు ఏ సంగతి చెప్పినా వ్యాసం అయిపోతుంది. మీ అన్నయ్య గిన్నెలు కడుగుతున్నారని మురిపెంగా రాస్తే, "గిన్నెల రాజకీయం" అని పోస్టు పెట్టావు. ఆయన నెల్లాళ్ళు సింకు దరిదాపులకి రాలేదు. ఇదొక్కటన్నా నాది నాకే ఉండాలనుకున్నాను. ఎవరూ మెచ్చుకోకుండా, ఎవరూ నన్ను ఉదాహరణగా చూపించకుండా, ఊరికే నీళ్ళలో ఉండాలనుకున్నాను.

నేను తడితువ్వాలుని కాను. ఎవరో తెలుసు. చెప్పను.

ఒక్కటి అడుగుతాను. కట్టుడుపళ్ళు చేసేటప్పుడు ముందు మైనం మీద అమర్చి, ఆ మనిషి నోట్లో పెట్టి, "కొరకండి, మాట్లాడండి, నవ్వండి" అని చూసి, ఆ తర్వాతే కదా గట్టి పళ్ళు తయారుచేస్తావు? డాక్టర్లు ఎంత తొందరపెట్టినా ఆ పని మానననీ, మైనంలో అయితే దిద్దుకోవచ్చు, గట్టిపడ్డాక ఆ నోరే పుండవుతుందనీ నువ్వే గొప్పగా చెప్పావు.

మరి నీ మాటలకి ఆ మైనం ఏదీ?

వదిన

*

ల్యాబు నుంచి, మైనం బల్ల దగ్గర
వాన ఆగని రోజు

వదినా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పనిలోకి వచ్చాను. ఒక్క పన్ను నిలబెట్టలేకపోయాను.

ముందు నీమీద కోపం వచ్చింది. అలవాటు. తర్వాత మేనేజరు మీద వచ్చింది, అది ఇంకా ఉంది, ఉండాలి కూడా. నా పోస్టు తప్పయినంత మాత్రాన వాడి తాళం ఒప్పయిపోదు. తర్వాత ఆ కోపానికి కూర్చోటానికి వేరే చోటు దొరక్క, తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చి కూర్చుంది. నేను పుట్టించిన వార్త నిజమై ఊరుకుంది వదినా! అబద్ధం రాసినవాళ్ళని ఎందర్ని ఉతికాను! వాళ్ళు కూడా నాలాగే చెప్పులు విప్పకుండా రాసినవాళ్ళేనేమో.

నువ్వు ఈత నేర్చుకున్నావా! ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకా! ఆగకుండానా! నాకు ఎన్ని వాక్యాలు తన్నుకొస్తున్నాయో తెలుసా? రాయను. ఒట్టు. ఈ ఒట్టు మాత్రం గట్టు మీద పెట్టను. అన్నయ్య గిన్నెలకి కూడా క్షమించు. ఆ పోస్టు బాగుందని ఇప్పటికీ అనుకుంటున్నాను గానీ, మీ సింకు నా బల్ల కాదు.

దిద్దుబాటు రాశాను. పూర్తిగా జత చేస్తున్నాను. ఇలా మొదలవుతుంది: "స్త్రీల సమయంపై యుగయుగాలుగా సాగుతున్న దోపిడీ నేపథ్యంలో, గత పోస్టులోని ఒక చిన్న వివరం విషయమై కొందరు పాఠకులు లేవనెత్తిన అభ్యంతరాన్ని పరిగణనలోకి తీసుకుంటూనే..."

ఎలా ఉంది? మైనం పంపుతున్నాను. కొరికి చూడు, మాట్లాడి చూడు. నవ్వొస్తే నవ్వు.

మరదలు

*

కుట్టుమిషను పక్క నుంచి
కాస్త ఎండ వచ్చింది

మిరపకాయ్,

కొరికాను. పన్ను విరిగింది.

మీ అన్నయ్య ఆ మొదటి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవటానికి ఆగి, మళ్ళీ ఎక్కడున్నారో వెతుక్కున్నారు. "ఇది క్షమాపణా, కోర్టు కాగితమా?" అన్నారు. ఆయనకి నువ్వు ఏం రాసినా కమ్మగానే ఉంటుంది, అలాంటి మనిషే అన్నారంటే చూసుకో.

కుట్టు తప్పు పడితే మేమేం చేస్తామో చెప్తాను. దానిమీద ఇంకో కుట్టు వెయ్యం. విప్పుతాం. ఒక్కో పోగూ లాగి, గుడ్డ చిరక్కుండా. నువ్వు తప్పు కుట్టు మీద లేసు కుడుతున్నావు. "ఒక చిన్న వివరం" అన్నావే, తీసెయ్. వానలో నిలబడ్డదానికి అది చిన్నది కాదు. "కొందరు పాఠకులు" తీసెయ్. "యుగయుగాలు" కూడా తీసెయ్, ఈ తప్పు యుగాలు చెయ్యలేదు, నువ్వు చేశావు. "తప్పు" అన్న మాట ఆఖరి పేరాలో తలుపు చాటున నిలబడింది, పాపం. చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకురా.

మరి కోపం ఏం చెయ్యాలీ అంటావు. ఉంచు. నీ కోపం నాకిష్టం, అది లేకపోతే నువ్వు ఉట్టి పళ్ళామెవి. కాకపోతే దాన్ని సరైన గుమ్మం ముందు నిలబెట్టు. సాయంత్రం ఆరింటికి ఆడవాళ్ళకి తీరిక అని అసలు మొదట అనుకున్నదెవరు? ఆ గంట పెట్టిన కమిటీ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఆ వేళకి గరిట పట్టుకున్నవాడు ఒక్కడన్నా ఉన్నాడా? అది అడుగు. అది నీ మొదటి పోస్టులో లేదు. ఎందుకంటే అప్పుడు నీకు తెలీదు.

మా వాళ్ళందరినీ అడిగాను. నర్సు తన గురించి రాయమంది. "నిలబడి నిద్రపోయానని కూడా రాయమనండి, మా వార్డువాళ్ళు చదవాలి" అంది. నా గురించీ రాయొచ్చు. అయితే వదిన అని రాయకు. వదినని నీకు. ఊరికి టైలర్ని.

వదిన

*

మేడమీది గది నుంచి
తెరిపినిచ్చిన ఆదివారం

వదినా,

పెట్టేశాను. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చుని మరీ పెట్టాను.

"పోయిన పోస్టులో నేను రాసింది తప్పు. ఆ కొలనులో ఆడవాళ్ళ గంట ఎవరూ తీసెయ్యలేదు, ఆడవాళ్ళే తమకు కుదిరే వేళకి మార్పించుకున్నారు. అడక్కుండా రాశాను. దాన్ని అడ్డం పెట్టుకుని ఇప్పుడు ఆ గంటని నిజంగానే ఆపేశారు." ఇదీ మొదటి పేరా. తర్వాత నర్సు, ఆఫీసులు తుడిచేవాళ్ళు, టైలరు. ఆ తర్వాత గరిట ప్రశ్న. దాని దగ్గర మాత్రం చెయ్యి ఆపుకోలేదు. నువ్వే ఉంచమన్నావుగా.

పాత పోస్టు చెరపలేదు. దాని నెత్తిన ఎర్రక్షరాలతో "ఇది తప్పు, కొత్తది చదవండి" అని పెట్టాను. చెరిపేస్తే తప్పు చేసినట్టే తెలీదు కదా? నా ఒట్టు దేనికి పనికొస్తుందో ఇన్నాళ్ళకి నాకు తెలిసింది.

అందరికంటే ముందు కత్తిపీటాయన వచ్చేశాడు. "చివరికి దిగొచ్చారన్నమాట!" అన్నాడు. వదినా, నా వేళ్ళు ఎంత తహతహలాడాయో! అరపేజీ సిద్ధంగా ఉంది. అంతా మింగి, "అవును" అని రాశాను. పాపం ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. అప్పట్నించీ పలకటం లేదు. నాకు చిన్న బెంగగా కూడా ఉంది, అలవాటైన మనిషి కదా. ఇంకొకావిడ, మీ కమిటీలో ఒకాయన భార్యట, "మా ఆయనకి చదివి వినిపిస్తాను, వినకపోతే గరిట చేతికిచ్చి వినిపిస్తాను" అని రాసింది.

నేననుకున్నట్టు వంద ఒప్పులూ కొట్టుకుపోలేదు. ఒకటో రెండో పోయుంటాయి. మిగతావి నిలబడే ఉన్నాయి, ఇంకాస్త గట్టిగా.

తడితువ్వాలు కూడా వచ్చింది. అదే ధోరణి: "గంట సంగతి సరిపోయింది. ఈత సంగతి మిగిలింది."

ఎవరు వదినా ఆవిడ? చెప్పు. పొట్లాడను. కొద్దిగా పొట్లాడతాను.

మరదలు

*

కుట్టుమిషను పక్క నుంచి
కమిటీ మీటింగు మర్నాడు

మిరపకాయ్,

గంట తిరిగొచ్చింది. ముందు అది చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత కథ చెప్తాను.

మీటింగుకి మేమంతా వెళ్ళాం. మేనేజరు నీ మొదటి పోస్టు గట్టిగా చదివి, "చూశారా వివాదం?" అన్నాడు. అప్పుడు మా గుంపులోంచి ఒకావిడ లేచింది. బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరయిన మనిషి. ఇన్నేళ్ళూ రోజంతా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పి చెప్పి, ఆవిడకి ఒక్క వాక్యంకంటే ఎక్కువ మాట్లాడే అలవాటు పోయింది. నీ రెండో పోస్టు ప్రింటు తీయించి తెచ్చింది. ఆ గొంతు వింటే కుర్చీలో ఎవరూ వాలి కూర్చోలేరు, బస్సు వెళ్ళిపోతుందేమోనని సర్దుకుంటారు. గరిట ప్రశ్న దగ్గర ఆగి బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ చూసింది. ఒకాయన చెయ్యెత్తబోయి, పక్కాయన మొహం చూసి దింపేసుకున్నాడు.

అధ్యక్షుడు దగ్గి, "ఇందులో వివాదం ఏముందయ్యా?" అని మేనేజర్ని అడిగాడు. "మొదటిదాంట్లో ఉందండీ" అన్నాడు మేనేజరు. "మొదటిది తప్పని రాసినావిడే రాసింది కదా!" అన్నాడు అధ్యక్షుడు. అంతే. నువ్వు తప్పు ఒప్పుకోకుండా ఉండుంటే, ఆ తప్పుని పట్టుకుని వేలాడేవాళ్ళు. పట్టుకోటానికి పిలక లేకుండా చేశావు. పొద్దున గంట ఇక పొద్దున్నే. నర్సు ఇవాళ నీళ్ళలో పాటలు పాడింది, శ్రుతి లేదు గానీ మేం ఏమీ అనలేదు.

తడితువ్వాలు ఎవరో నీకు అర్థమయ్యే ఉంటుంది. కలవాలంటే ఒకటే దారి. ఆవిడ గట్టు మీద ఎవరితోనూ మాట్లాడదు. నీళ్ళలో దిగినవాళ్ళతోనే.

నీకు ఈతకి ఒక జత కుట్టాను. నల్లది, మెడ నుంచి మోకాళ్ళ దాకా. మా వాళ్ళందరికీ నేనే కుట్టాను, కొన్నవి ఎవరికీ సరిపోవు. నీ కొలతలు నా దగ్గర పాతవే ఉన్నాయి, అందుకని కుట్లలో గుడ్డ వదిలాను. ఒళ్ళు పెరిగినా పడుతుంది, పొగరు పెరిగినా పడుతుంది. శనివారం రా.

వదిన

*

ల్యాబు నుంచి, మైనం బల్ల దగ్గర
నీళ్ళలాంటి ఎండ

వదినా,

చెవుల్లో ఇంకా నీళ్ళున్నాయి. ఇవాళ డాక్టరు ఫోన్లో ఏదో విసుక్కుంటే సగమే వినపడింది. ఎంత హాయిగా ఉందో.

నువ్వు అవతలి ఒడ్డున ఉన్నావు కదా, నీ దాకా రాని సంగతి చెప్తాను. నేను మెట్టు మీద నిలబడి కమ్మీ పట్టుకున్నాను. నీళ్ళు నడుం దాకా. క్లోరిన్ వాసన. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. పొట్టి మనిషి, జుట్టంతా టోపీలో. ఇన్నాళ్ళూ ఇంత పొడుగు మనిషితో పోట్లాడుతున్నాననుకున్నాను.

"మీరేనా తడితువ్వాలు?" అన్నాను.

"మీరేనా పంటి బిగువు?" అంది.

"తొమ్మిది పేరాలు రాశానండీ. ఒక్కదానికన్నా జవాబివ్వలేదు మీరు."

"ప్రశ్న ఒక్కటే అడిగాను. పడుకోండి."

"ఎక్కడ?"

"నీళ్ళ మీద."

"ముందు నా మాట పూర్తి కానివ్వండి. ఈత రానంత మాత్రాన నాకు ఆ హక్కు గురించి..."

"ఉంది. హక్కు లేదని నేనెప్పుడన్నాను? పడుకోండి."

వదినా, నా తొమ్మిది పేరాలకీ ఆ ఒక్క "ఉంది" జవాబు. ఆవిడ నా నోరు మూయించటానికి అడగలేదు. గంట, గంట అని అంత గింజుకుంటోంది, ఆ గంటలో ఏముంటుందో ఈ మనిషికి తెలుసా అని అడిగింది. అది తప్ప ఇంకేమీ లేదు ఆ ప్రశ్నలో. ఉన్నదంతా నేను పోసుకున్నదే.

వెనక్కి వాలాను. తల కింద అరచెయ్యి పెట్టింది. "మెడ బిగించారు. బిగిస్తే మునుగుతారు. పళ్ళు కూడా వదలండి" అంది. పళ్ళు వదలటం! నాతో! నా బతుకుతెరువూ నా బ్లాగూ అక్కడే ఉంటే!

"మీతో నేను చాలా విషయాల్లో ఒప్పుకోను" అన్నాను, పైకి చూస్తూ.

"ఒప్పుకోనక్కర్లేదు. తేలితే చాలు."

చెవులు మునిగాయి. ఎవరి కామెంటూ వినపడలేదు, నాది కూడా. పైకప్పులో ఒక అద్దంపలక పగిలి ఉంది, అందులోంచి ఎండ నా పొట్ట మీద పడుతోంది. ఆ పలక మీద ఒక పోస్టు రాయాలి, ఎవరి నెత్తినన్నా పడితే బాధ్యత ఎవరిది, అనుకున్నాను. ఆ తర్వాత, మేనేజర్ని అడిగి రాద్దాంలే అనుకున్నాను. ఆవిడ "చెయ్యి తీస్తున్నాను" అని చెప్పి మరీ తీసింది. అనౌన్సరు కదా, చెప్పకుండా ఏదీ బయల్దేరనివ్వదు. నేను బయల్దేరాను వదినా. ఎక్కడికీ వెళ్ళలేదు, ఉన్నచోటే ఉన్నాను. కానీ మునగలేదు.

అప్పుడే నువ్వు పక్కనుంచి ఈదుకుంటూ పోయావు. నా మొహం మీద నీళ్ళు చిమ్మాయి. నిన్నలా ఎప్పుడూ చూడలేదు. ఎలా చూశానో రాయను. నాకు తెలుసు, చాలు.

మేనేజర్ని అడిగాను. పలక మార్చటానికి మనిషి సోమవారం వస్తాడట. ఆ పోస్టు అక్కడికే చచ్చింది. ఇంకోటి రాశాను, బస్టాండుల్లో కుర్చీల గురించి. మైనం దీంతో పంపుతున్నాను. అనౌన్సరుగారికి కూడా చూపించు. ఎలాగూ ఒప్పుకోదు, ముందే ఒప్పుకోకపోతే మంచిది కదా. అన్నయ్యకి వద్దు, ఆయన అన్నీ బాగున్నాయంటాడు.

వచ్చే దారిలో, రైల్లో, పాత పోస్టు తీశాను. ఎర్రక్షరాల కింద, కామెంట్లన్నిటి కింద, ఆ ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. దాని కింద నా తొమ్మిది పేరాలూ ఉన్నాయి. చెరపలేదు. వాటి కింద ఇంకో జవాబు రాశాను. ఇన్నేళ్ళలో నేను రాసిన అతి చిన్న జవాబు అదేనేమో, ఆ "అవును" తప్ప.

"ఇంకా రాలేదు. తేలటం వచ్చింది."

స్టేషన్లో దిగేలోపు ఆవిడ జవాబు వచ్చింది.

"శనివారం, కాళ్ళు ఆడించటం."

శనివారం వస్తున్నాను. కమ్మీ పక్కన చోటుంచు. తువ్వాలు నేనే తెచ్చుకుంటాను.

మరదలు